కాలిన జాగా

కొండవాలులో గడ్డికి నిప్పు పెడుతూ ఆ ముసలాయన పట్టుబడ్డాడు.

పట్టుకున్నది మంటలార్పే దళంలోని ఇద్దరు. కాలర్ పట్టుకుని ఈడ్చుకొచ్చి, దళనాయకుడి ముందు పడేశారు. జేబులో రెండు అగ్గిపెట్టెలు దొరికాయి.

మూడు రోజుల కిందట చుక్క వాన లేకుండా ఉరిమి ఉరిమి, లోయలో ఓ ఎండుచెట్టు మీద పిడుగు పడింది. ఆ నిప్పే అడవిని తింటూ వస్తోంది. దళంలో మొత్తం తొమ్మిది మంది. కాలు జారే వాలులో పొదలు నరికి, మట్టి తేలేదాకా గీరి, మంటకు అడ్డంగా బాట తీస్తున్నారు. మూడు రోజులుగా ఒక్కరికీ కంటి మీద కునుకు లేదు.

ఇప్పుడు తమ నెత్తి మీదే ఇంకో మంట.

"ఎవరు పెట్టమన్నారు?" అన్నాడు నాయకుడు.

"ఎవరూ అనలేదు బాబూ. ఈ గడ్డి ముందే కాలిపోతే మీరు తలదాచుకోవడానికి ఇంత జాగా ఉంటుంది. మధ్యాహ్నానికి గాలి తిరుగుతుంది. కింది మంట పైకెక్కిందంటే మీ కాళ్లు చాలవు."

నాయకుడు చెంప మీద ఒక్కటిచ్చాడు. ముసలాయన పెదవి చిట్లింది. మనకు పాఠం చెప్పడానికి పంతులుగారు వచ్చారని ఎవరో అంటే, మిగతావాళ్లు నవ్వారు.

ఆయన లేచి మళ్లీ అదే చెప్పబోయాడు. ఎవరూ వినలేదు. పోలీసులు వచ్చేదాకా పడుండమని చెట్టుకు కట్టేశారు. ముడి నాయకుడే వేశాడు. దాహమంటే, నీళ్లు మాకే చాలడం లేదన్నారు.

ఆయన అంటించిన గడ్డి దానంతట అదే కాలి, రాళ్లగుట్ట దగ్గర ఆగిపోయింది. పెద్ద ఇంటి వాకిలంత నేల నల్లగా మిగిలింది.

మధ్యాహ్నం రెండు గంటలకు గాలి తిరిగింది.

ముందు చప్పుడొచ్చింది, లోయలోంచి రైలు వస్తున్నట్టు. వెనకే పొగ. పారలు పడేసి అందరూ శిఖరం వైపు పరుగు తీశారు. పట్టుమని పదడుగులు ఎక్కేసరికే ఊపిరందలేదు.

"పైకి పోవద్దు," చెట్టు దగ్గర్నుంచి ముసలాయన అరిచాడు. "కాలిన దాంట్లోకి పోండి. బోర్లా పడుకుని మొహాలు మట్టిలో పెట్టండి."

నాయకుడు ఒక్క క్షణం తటపటాయించి, అందర్నీ అటు మళ్లించాడు.

చెట్టు అక్కడికి ఇరవై అడుగులు.

"సార్, ఆయన్ని విప్పాలి," అంది వైర్‌లెస్ మోసే అమ్మాయి.

నాయకుడు ఆమె భుజం పట్టి నేలకు అదిమాడు. "టైం లేదు. పడుకో."

టైం ఉంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అతనికీ తెలుసు. తాడు కోయడానికి అతని నడుముకు కత్తి కూడా ఉంది.

మంట వాళ్లకు రెండు పక్కలా చీలి పైకి పోయింది. ముసలాయన అరుపు కాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు.

తొమ్మిది మందీ బూడిద దులుపుకుని లేచారు. చెట్టు వైపు ఎవరూ చూడలేదు.

మర్నాడు, దళం బస చేసిన బడికి ముసలాయన భార్య వచ్చింది. నాయకుడు అప్పటికే రిపోర్టు రాసేశాడు: గుర్తుతెలియని వ్యక్తి, వద్దంటున్నా మంటల్లోకి వెళ్లి చనిపోయాడు. ఆవిడకీ అదే చెప్పాడు.

ఆవిడ ఏడవలేదు. "మీవాళ్లెంతమంది బాబూ?" అంది.

"తొమ్మిది మంది."

"అందరూ దిగారా?"

"దిగారు."

"ఆ సంగతి ఆయనకు తెలిసిందా?"

నాయకుడు రిపోర్టు కాగితం మడతపెట్టసాగాడు. వైర్‌లెస్ అమ్మాయే గోడవైపు చూస్తూ జవాబిచ్చింది. "తెలిసిందమ్మా. మేమంతా కాలిన దాంట్లోకి వెళ్లడం చూశారు."

ఆవిడ అరచేత్తో మొహం తుడుచుకుంది.

"పోన్లే తల్లీ," అంది. "ఇరవై రెండేళ్ల కిందట ఇదే వాలులో దళానికి ఆయనే నాయకుడు, గాలి తిరిగితే అందర్నీ పైకి పరిగెత్తమన్నాడు, పన్నెండు మందిలో తనొక్కడే కిందికి దిగొచ్చాడు."