తాడు ముట్టినోడి గుప్పెడు

"తాతా, నువ్వెంతసేపు లాగావు తాడు?"

తిరుమలరావు ఫోను కెమెరాని ముసలాయన మొహం మీదికి తిప్పాడు.

శ్రీకాకుళం అవతల, సముద్రం పక్కన ఓ పల్లె. పొద్దున్నే పెద్ద వల ఒడ్డుకి లాగారు. ఇరవై మంది రెండు గంటలపాటు తాడు పట్టుకుని కాళ్లు ఇసుకలో తన్నిపెట్టి లాగారు. తీరా వల ఒడ్డెక్కే వేళకి ఈ కూర్మయ్య వచ్చాడు. తాడు మీద ఇలా చెయ్యి వేసి అలా తీశాడు. గుప్పెడు కవళ్ల చేపలు పట్టుకుని చక్కా పోతున్నాడు.

"లాగలేను బావూ. ముట్టుకున్నాను," అన్నాడు కూర్మయ్య.

"ముట్టుకుంటే చాలా?"

వాటాలు పంచుతున్న ఎల్లాజీ అందుకున్నాడు. "మా ఒడ్డున అదే కట్టుబాటు మేస్టారూ. వలగల మనిషికి సగం. లాగినోళ్లకి సగం. ఊరికే తాడు ముట్టినోడికైనా గుప్పెడు ఇవ్వాల."

తిరుమలరావుది అరసవల్లి. కాలేజీలో సంస్కృతం చెబుతాడు. పూర్వులు చెప్పిన వేదాంతం ఇప్పటి బతుక్కి ఎలా పనికొస్తుందో రోజుకో వీడియో తీసి పెడతాడు. రెండొందల మంది చూస్తే గొప్ప. ఆ రోజు నిష్కామకర్మ గురించి చెబుదామని వచ్చాడు. ఉదాహరణ కాళ్ల దగ్గరికే వచ్చిందని సంబరపడ్డాడు.

"చూశారా!" అన్నాడు కెమెరాతో. "ఫలం మీద ఆశ లేకుండా పని చెయ్యమన్నారు పెద్దలు. ఈ తాత పని లేకుండానే ఫలం పట్టుకెళుతున్నాడు!"

ఎల్లాజీ ఏదో అనబోయాడు. కూర్మయ్య వద్దన్నట్టు చెయ్యెత్తాడు.

"నిజిమే బావూ. ఆశ ఉండకూడదు."

గుప్పెడు కవళ్లూ తిరిగి కుప్పలో వేసేశాడు. ఖాళీ చేతులు తువ్వాలుకి తుడుచుకుని వెళ్లిపోయాడు.

తిరుమలరావు పొంగిపోయాడు. ఇన్నాళ్లకి తన మాట ఒక మనిషి మీద అక్కడికక్కడే పనిచేసింది మరి!

'తేర చేపల తాత' అని వీడియోకి పేరు పెట్టాడు. నలభై వేల మంది చూశారు. "సిగ్గులేని ముసలాడు" అని రాసిన వాళ్లకి కూడా ఒక్కొక్కరికీ దండం బొమ్మ పెట్టాడు.

పదిహేను రోజుల తర్వాత, వీధిలో చేపలమ్మే మరిడమ్మ ఆయన గేటు ముందు ఆగింది. ఆమెదీ ఆ పల్లే. నెత్తి మీద గంప దించలేదు.

"కూర్మయ్య మావని ఫోన్లోకి ఎక్కించింది నువ్వేనేటి మేస్టారూ?"

"అవును. ఏం?"

"సంతలో కుర్రోళ్లు 'తేర సేపల తాత' అని ఎనకబడతన్నారు. ఆ దినం కాన్నుంచి మావ ఒడ్డు ముకం సూడ్నేదు. గుప్పెడు సేపలకి ఇంత అల్లరేటి బావూ?"

తిరుమలరావు ఫోను తీసి ఆ వీడియో మళ్లీ చూశాడు. నిజమే. అన్నీ ఉడిగిన ముసలివాడు గుప్పెడు చేపలకి ఆశపడితే, తన వేదాంతానికి వచ్చిన లోటేమిటి? సిగ్గుతో చితికిపోయాడు. వీడియో తీసేశాడు. తన ఫోన్లోంచి తీశాడు గానీ, నలభై వేల మంది కళ్లలోంచి ఎలా తీస్తాడు?

ఆదివారం ఓ పంచెల చాపు, కిలో బత్తాయిలు కొని పల్లెకి వెళ్లాడు. క్షమించమని అడిగితే మనసు కాస్త తేలికవుతుందనుకున్నాడు.

కూర్మయ్య గుమ్మానికి తాళం ఉంది.

ఒడ్డున ఎల్లాజీ ఒక్కడే చిరిగిన వల బాగుచేస్తున్నాడు. ఆయన్ని చూసి లేవలేదు.

"కూర్మయ్య ఏడీ?"

"కూతురు కొత్తవలస తీసికెలిపోనాది. అక్కడ రైళ్లే గానీ సముద్రం నేదు."

"ఎప్పుడొస్తాడు?"

"రానన్నాడు."

తిరుమలరావు ఇసుకలో కూలబడ్డాడు. "తప్పు చేశాను ఎల్లాజీ. పాపం, లేనివాడు. గుప్పెడు చేపల కోసం వచ్చే మనిషిని పదిమందిలో నవ్వులపాలు చేశాను."

ఎల్లాజీ చెయ్యి ఆపాడు.

"లేనోడా? వలగల మనిషికి సగం అని ఆ దినం సెప్పినాను గదా. ఆ సగం ఎవులైనా పట్టుకెళ్లగా సూసినారా మేస్టారూ?"

తిరుమలరావు గుర్తు చేసుకున్నాడు. సగం తీసి పక్కన పెట్టలేదు. కుప్ప మొత్తం లాగినవాళ్లకే పంచారు. ఆ రోజు తనకి అడగాలని కూడా తోచలేదు.

పంచెల చాపు ఉన్న సంచీని వెనక్కి దాచుకున్నాడు.

ఎల్లాజీ మళ్లీ వల ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఇరవై ఇళ్లు బతకాలని తన సగం ఏనాడో ఒగ్గేసి, తాడు ముట్టినోడి గుప్పెడే పట్టుకెళ్లేవోడు మా మావ, ఈ వల ఆయనదే మేస్టారూ."