మాట ఎవరిది?

“ఇంతకీ ఇది మాట్లాడుతుందా, మాట్లాడదా?” బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ అడిగాడు ఆస్పత్రి డైరెక్టరు.

మీటింగు గదిలో అందరి చూపూ ఆ అమ్మాయి మీదికి మళ్లింది. ఆమె బయోమెడికల్ ఇంజనీరు. ఉద్యోగంలో చేరింది మొదలు ఒకే పరిశోధన పట్టుకు కూర్చుంది. స్వరపేటిక తీసేసిన మనిషి మాట్లాడబోతే గొంతు కండరాలు ఎలా కదులుతాయో చదివి, ఆ మాటను స్పీకరులో పలికించే సాఫ్ట్‌వేర్ అది. ఇవాళ డైరెక్టరుకు నచ్చితే రోగులకు ఇస్తారు. నచ్చకపోతే పరిశోధనకు మంగళం పాడేస్తారు.

ఎదురుగా కుర్చీలో ఒక పెద్దావిడ. మెడకు సన్నని పట్టీలు, వాటి నుంచి మెషిన్‌కి తీగలు. ఆపరేషన్‌లో గొంతు పోకముందు ఆవిడ పేరుమోసిన లాయరు. నిన్న ప్రాక్టీసులో చక్కగా మాట్లాడిన మనిషి, ఇవాళ గోడకేసి చూస్తూ కూర్చుంది. స్పీకరు మూగనోము పట్టింది.

“అమ్మా, ఒక్క మాట అనవే,” బతిమాలాడు పక్కనున్న కొడుకు. డైరెక్టరు వైపు తిరిగి, “ఇంట్లో అయితే పలక మీద రాసి మరీ తిడుతుందండీ!” అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

అమ్మాయి ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది. “మేడమ్, ఒక్కసారి గుటక వేస్తారా?”

ఆవిడ గుటక వేసింది. తెర మీద గీత ఎగిరిపడింది. స్పీకరు మాత్రం కిమ్మనలేదు.

“చూశారా సార్! పట్టీలు పనిచేస్తున్నాయి. గొంతు కదిలిందని మెషిన్‌కి తెలిసింది. అది మాట కాదని కూడా తెలిసింది. అందుకే ఊరుకుంది.”

“గుటకలు వినడానికి రాలేదమ్మా నేను,” అన్నాడు డైరెక్టరు.

టీమ్ లీడరు గబగబా వచ్చి ఆమె చెవి దగ్గర వంగాడు. “నిన్నటి మాటలు రికార్డయి ఉన్నాయిగా. వదిలెయ్ స్పీకరులో. ఎవరికీ తెలీదు.”

“ఆవిడకి తెలుస్తుంది సార్.”

“పిచ్చిదానా, అవి ఆవిడ మాటలేగా!”

“నిన్నటివి. ఇవాళ ఆవిడ ఏమీ అనలేదు.”

“నీ కష్టమంతా బూడిదలో పోతుంది. తర్వాత నన్ననకు.”

ఒక్క మీట నొక్కితే చాలు. ఆమె వేలు ఆ మీట దాకా వెళ్లింది. ఎన్ని ఆదివారాలు ఈ మెషిన్ ముందే గడిచిపోయాయో గుర్తొచ్చింది. అయినా చెయ్యి వెనక్కి తీసుకుని లేచి నిలబడింది.

“సార్, మెషిన్ బాగానే ఉంది. మేడమ్ మాట్లాడటం లేదు, అంతే. ఆవిడ అనకుండా ఇది ఏదీ అనదు. నేను అలాగే రాశాను.”

ఆమె తల వంచలేదు.

“అయితే చూసింది చాలు,” డైరెక్టరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

అప్పుడు స్పీకరు గరగరమంది.

“కూర్చోండి, డైరెక్టరుగారూ.”

మాట నెమ్మదిగా ఉంది. ఒక్కో అక్షరం స్పష్టంగా ఉంది. డైరెక్టరు లేచినవాడు లేచినట్టే కూలబడ్డాడు. పెద్దావిడ చెయ్యి చాపి అమ్మాయి చేతిని పట్టుకుంది. పెదవులు మళ్లీ కదిలాయి.

“పోయినేడు ఇంకో కంపెనీవాళ్లు ఇలాగే నాకు పట్టీలు వేసి పదిమందిలో కూర్చోబెట్టారు. నేను నోరు మెదపకముందే వాళ్ల మెషిన్ ‘నాకు చాలా సంతోషంగా ఉంది’ అనేసింది. అందుకే ఇవాళ కావాలనే నోరు కట్టేసుకున్నాను. నేననని మాట ఇది ఒక్కటీ అనలేదు... నాకు ఇదే కావాలి!”