ఆ రోజు ఒక్కరికే

డాక్టర్ వాసంతి ఇంకా స్కూటీ స్టాండు వేయకముందే పట్టాభి ఎదురొచ్చాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ సంగతి చూసేది ఆయనే.

"ఆక్సిజన్ లారీ పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఆపేశారండి. వచ్చినా కరోనా వార్డుకే ముందివ్వాలంట."

"ఉన్నదెంత?"

"ఒక్క ఆపరేషన్‌కి వస్తుందండి. రెండోది మాత్రం పెట్టుకోవద్దు."

కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. ఎల్బీనగర్‌లోని ఆ క్యాన్సర్ ఆస్పత్రిలో మిగతా మత్తు డాక్టర్లు జ్వరంతో మంచం పట్టారు. మిగిలింది తనొక్కతే. తను మత్తు ఇస్తేనే సర్జన్ కత్తి పట్టేది.

ఆ రోజు ఆపరేషన్‌కు ఇద్దరు సిద్ధంగా ఉన్నారు.

ఒకరు మీర్‌పేట్ నుంచి వచ్చిన అండాలమ్మ. గర్భసంచి క్యాన్సర్. పెద్ద వయసు. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది.

పక్క మంచం మీద జ్యోతిక. చంటిబిడ్డ తల్లి. రొమ్ములో గడ్డ.

వాసంతి ఇద్దరి మధ్యా నిలబడి ఉన్న మాట చెప్పేసింది.

"ఈరోజు ఒక్కరికే చేయగలం. అండాలమ్మగారికి చేస్తాం. జ్యోతికా, నీకు మళ్లీ ఫోన్ చేస్తాం."

జ్యోతిక ఏడవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

ఆమె భర్త సాయికుమార్ వార్డు తలుపు దగ్గరే నిలబడి చేతులు జోడించాడు.

"మేడమ్, గడ్డ ఇంకింత పెరిగితే ఆపరేషన్ కూడ కాదన్నరు గదా. జర చూడున్రి."

"తెలుసు. కానీ ముందునుంచి ఎదురుచూస్తున్నవాళ్లకే ముందు. డాక్టర్లమందరం కలిసి అనుకున్నది. నేనొక్కదాన్ని మార్చలేను."

"పాలు తాగే పిల్ల ఉన్నది మేడమ్."

వాసంతి తల దించుకుంది.

అండాలమ్మ మధ్యలో కల్పించుకుంది. "నన్నెప్పుడు తీస్కపోతరు బిడ్డా?"

"అరగంటలో."

"గంత సేపా?"

పక్క మంచం మీద జ్యోతిక బతుకు ఊగిసలాడుతుంటే ఈమెకు తన తొందర తనదే. వాసంతికి చిరాకేసింది. థియేటర్‌కు వెళ్లిపోయింది.

మందులు సిరంజిల్లోకి ఎక్కిస్తుండగా నర్సు యాదలక్ష్మి పరుగున వచ్చింది.

"మేడమ్, అండాలమ్మ ఇడ్లీ తిన్నది."

వాసంతి చేతిలో సిరంజి ఆగిపోయింది. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే అది పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి బల్లమీదే పోవచ్చు.

విసవిసా వార్డులోకి వచ్చింది. అండాలమ్మ ఖాళీ ప్లేటు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"రాత్రి నుంచి ఏమీ తినొద్దని చెప్పామా లేదా?"

"చెప్పిన్రు బిడ్డా. పక్క వార్డోళ్లకు టిఫిన్ బండి వచ్చింది. ఆకలికి ఆగలేకపోయిన."

"ఒక్క పూట ఆగలేరా? ఈ రోజు కోసం ఎంతమంది కాచుకుని ఉన్నారో తెలుసా?"

"ముసల్దాన్ని. గివన్ని నాకేం తెలుస్తయి?"

"తెలియకపోతే చెప్పింది వినాలి. మీలాంటి వాళ్ల కోసం మేం ఇళ్లూ పిల్లల్నీ వదిలేసి ఇక్కడ పడి ఉన్నాం."

వార్డంతా అటే చూస్తోంది. అండాలమ్మ తలెత్తలేదు.

వాసంతి పక్క మంచం వైపు తిరిగింది. "జ్యోతికా, నువ్వేమన్నా తిన్నావా?"

"లేదు మేడమ్. మంచినీళ్లు కూడ తాగలే."

"లే. పద."

ఆపరేషన్ మొదలైంది. గడ్డ అనుకున్నదానికన్నా లోతుకు పోయింది. సర్జన్ మాట్లాడటం మానేశాడు. వాసంతి ఒక కన్ను జ్యోతిక గుండె చప్పుడు మీద, ఒక కన్ను ఆక్సిజన్ మీటరు ముల్లు మీద పెట్టి కూర్చుంది. ముల్లు దిగుతూనే ఉంది. పీపీఈ కిట్టు లోపల ఒళ్లంతా చెమటతో తడిసిపోయింది.

"ఇంకెంత సేపు సార్?"

"కుట్లు వేస్తున్నా."

అద్దం అవతల పట్టాభి ఇక చాలన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

చివరి కుట్టు పడింది. ఎట్టకేలకు జ్యోతిక కళ్లు తెరిచింది. సొంతంగా ఊపిరి తీసుకుంది. వాసంతి గోడకు ఆనుకుని నేలమీద కూలబడింది.

ఇంటికి బయల్దేరుతుంటే గేటు దగ్గర అండాలమ్మ కనిపించింది. సంచి పక్కన పెట్టుకుని ఆటో కోసం చూస్తోంది.

"ఆ పిల్ల లేచిందా బిడ్డా?"

వాసంతికి కోపం చల్లారలేదు. ముక్తసరిగా తల ఊపి స్కూటీ ఎక్కింది.

ఆ మర్నాటి నుంచి ఆక్సిజన్ అంతా కరోనా వార్డులకే మళ్లింది. థియేటర్‌కు తాళం పడింది.

మళ్లీ తెరిచిన రోజు వాసంతి మొట్టమొదట అండాలమ్మకే ఫోన్ చేసింది. కూతురు గీత ఎత్తింది.

"అమ్మను రేపు తీసుకురామ్మా. ఈసారి తప్పకుండా చేస్తాం."

"అమ్మ లేదు మేడమ్. పోయిన వారం కరోనాతోని పోయింది."

వాసంతి కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"ఆ రోజు చేసి ఉంటే ఒక బాధైనా తీరేది. పాపం, తెలియక తిన్నారు."



"తెలువకనా మేడమ్?" అంది గీత మెల్లగా. "అమ్మ సర్కారు దవాఖానల ఆపరేషన్ థియేటర్ నర్సు. రిటైరయ్యేదాక మత్తు డాక్టర్ల పక్కనే నిలబడ్డది."