తాళం తప్పని ఏడుపు

తమ్ముడి శవం మీద పడి మారెమ్మ గొంతెత్తగానే, చావుకు వచ్చినవాళ్ల కాళ్లు కదిలాయి.

"యాడికి పోతివప్పా..." అనగానే వాకిట్లో ఎవడో ఈల కూడా వేశాడు.

తప్పు వాళ్లది కాదు. పోయినేడు నందవరంలో ఒక షావుకారు చనిపోతే మారెమ్మ కూలికి ఏడ్చింది. డీజే ఉదయ్ దాన్ని ఫోన్లో పట్టుకున్నాడు. ఆ ఏడుపు ఏ తాళానికీ లొంగకపోతే, అందులోంచి ఆ రెండు మాటలే కోసి, లాప్‌టాప్‌లో వేగం పెంచి, పెళ్లి బీటుతో కలిపాడు. ఇప్పుడు ఎమ్మిగనూరులో అది మోగకుండా ఏ ఊరేగింపూ కదలదు.

ఉదయ్ సిగ్గుపడుతూ దగ్గరికి వచ్చాడు. "అత్తా, కొంచెం నిదానంగా ఏడ్సు."

"రావడం ల్యాదప్పా. యాడాదిగా ఇనీ ఇనీ నా గొంతు నీ బీటుకే పోతాంది." మారెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నా పాత ఏడుపు నీ కాడ ఉండాదా?"

"ఉండాదత్తా."

"అదే పెట్టు. నా తమ్మునికి మంచి ఏడుపు కావాల."

ఉదయ్ స్పీకరు తెచ్చి, ఏమీ కలపని అసలు రికార్డు పెట్టాడు. ఈసారి ఒక్క కాలూ కదల్లేదు. ఆడవాళ్లు భోరుమన్నారు. ఈల వేసినవాడు కూడా కళ్లు ఒత్తుకున్నాడు.

మారెమ్మ ఒక్కతే ఏడవకుండా వింటోంది. స్పీకర్లో ఆమె గొంతు గుండెలు పగిలేలా పిలుస్తోంది.

"ఓ నా నందవరం సావుకారీ, నన్నిడిసి యాడికి పోతివప్పా..."