తాళం పడినప్పుడల్లా

“సింహం గర్జించేది ఉండాది, కుక్క మొరిగేది ఉండాది, గుడి గంట ఉండాది. నీకేది కావల్లో చెప్పు పెద్దాయనా,” అన్నాడు గంగాధర.

పావగడ బస్టాండు వెనక సందులో అతనిది కార్ల సామాన్ల అంగడి. సోలారు పార్కు వచ్చినాక పల్లెల్లో కూడా కరెంటు కార్లు కనబడుతున్నాయి. తాళం వేస్తే వచ్చే చప్పుడు, హారను మార్పించుకోవడానికి కుర్రవాళ్లు అతని దగ్గరికే వస్తారు. ఇంత వయసు మనిషి రావడం ఇదే మొదలు.

“అవేవీ వద్దప్పా. ఇది పెట్టు,” అంటూ నరసింహప్ప అంగీ జేబులోంచి ఫోను తీసి ఇచ్చాడు.

ముసలాయనదీ, కారు తోలుకొచ్చిన కుర్రవాడు యోగీశ్‌దీ ఒకే పల్లె, రాయచెర్లు. యోగీశ్ ముసలాయన కన్నా ముందే వచ్చాడు గానీ, అంగట్లోకి రాలేదు. గడప దగ్గరే నిలబడి తాళంచెవిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటున్నాడు.

గంగాధర ఫోను నొక్కాడు. సోలారు పలకల నడుమ గొర్రెల మంద. వెనక, ఎర్ర కొంగు నెత్తిన కప్పుకున్న ఆడమనిషి. “బ్బా... బ్బా... రాండమ్మా, పొద్దు పోతా ఉండాది, రాండి,” అని ఆమె గొంతెత్తి పిలిచింది. మంద మొత్తం తలలెత్తి ఆమె వైపు కదిలింది.

“ఎవురు?”

“నా ఇంటిది. దాసమ్మ. సోలారులో పనిచేసే మేడమ్మ ఎవరో తీసింది. ఇదొక్కటే మిగిలింది.”

“ఎప్పుడు పోయింది?”

“ఉగాది ముందర. ఉన్నట్టుండి.”

నిరుడు గంగాధర తల్లి పోయింది. ఫోనులో ఆమె ఫోటోలు చాలా ఉన్నాయి గానీ, “తిన్యావా నాయనా” అన్న ఒక్క మాటను పట్టి పెట్టుకోవాలని ఏనాడూ తోచలేదు. ఈ ముసలాయన తన కన్నా తెలివైనవాడు అనుకున్నాడు.

“ఇప్పుడు గొర్రెల్ని ఎవురు మేపుతాండారు?”

“అమ్మేసినా. నేను పిలిస్తే రావు.”

గంగాధర బయటికొచ్చి కారు ముందర వంగాడు. తెల్ల కారు. ఎడమవైపు లైటు కొత్తగా మెరుస్తోంది. కుడివైపుది మసకబారి ఉంది.

“నీదేనాప్పా బండి?”

యోగీశ్ తలూపాడు.

“ఈ కార్లతో ఇదే తంటా. పిల్లి మాదిరి వస్తాయి. పక్కకొచ్చే వరకూ తెలీదు. ఏదో ఒక సద్దు ఉండల్ల.”

“ఔ,” అన్నాడు నరసింహప్ప. “ఉండల్ల.”

“తాళం వేసేటప్పుడు, తీసేటప్పుడు వచ్చేట్టు పెడతా.”

“హారనుకు గూడా.”

“హారను వద్దు,” అన్నాడు యోగీశ్.

“యాల వద్దు? హారనంటే ఎదటోల్లు తప్పుకునేకి గదా. దానికే కావల్ల.”

“ఊర్లో అందురూ గుర్తుపడతారు.”

“పట్టనీ.”

గంగాధర నవ్వుతూ అడ్డుపడ్డాడు. “ఊరోల్ల కంటే ముందు పోలీసోల్లు గుర్తుపడతారు పెద్దాయనా. హారను మార్చకూడదు. ఫైను వీనికి, తిట్లు నాకు. తాళానికి పెడతా, బండి వెనక్కి వచ్చేటప్పుడు పెడతా. దాంతో సరిపెట్టుకో.”

ముసలాయన వంగి కారు తలుపును చూశాడు. “దినానికి ఎన్ని తూర్లు తాళమేస్తారు?”

“అది లెక్కేంది? దిగినప్పుడల్లా వెయ్యాల్సిందే.”

“సరే, పెట్టు.”

గంగాధర బానెట్ ఎత్తి చిన్న స్పీకరు బిగించాడు. ఫోనులోని గొంతును దానిలోకి ఎక్కిస్తూ, “గొర్రెల అరుపులు తీసేయనా?” అని అడిగాడు.

“ఉండనీ. ఆమె యాడుంటే అవీ ఆడనే.” నరసింహప్ప దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “ఒగ మాటప్పా. వీడు తీసేసేకి కాకుండా బిగించు.”

“అట్లాంటి గొంతును ఎవురు తీస్తారు పెద్దాయనా?”

“తీస్తాడు. నాలుగు దినాలు ఇని, ఓర్చుకోలేక తీస్తాడు. నలుగురి ముందర ఒప్పుకున్నాడు గానీ, నాకు నమ్మకం ల్యా.”

ఇంట్లో ఆడమనిషి పోయినాక తండ్రీ కొడుకులకు పడకపోవడం గంగాధరకు కొత్త కాదు. ఎన్ని ఇండ్లు చూడలేదు! “నంబరు పెడతాలే. అది తెలిసినోల్లకే మార్చేకి అయితాది. తీగ పీకితే తాళమే పడదు. చాలునా?”

“ఆ నంబరు నాకొక్కనికే చెప్పు.”

పని ముగిసింది. గంగాధర చెప్పినట్టు యోగీశ్ తాళంచెవి మీద నొక్కాడు.

“రాండమ్మా, పొద్దు పోతా ఉండాది, రాండి.”

సందులో పోయేవాళ్లు తిరిగి చూశారు. యోగీశ్ చేతిలోంచి తాళంచెవి జారి మట్టిలో పడింది. నరసింహప్ప వంగి తీసి, పంచెకు తుడిచి, మళ్లీ అతని అరచేతిలో పెట్టాడు.

“ఇంగో తూరి.”

యోగీశ్ నొక్కాడు. ఆమె మళ్లీ పిలిచింది. అతని పెదాలు అదురుతున్నాయి. ముసలాయన కారు వైపు చూడనేలేదు. కళ్లార్పకుండా యోగీశ్ ముఖమే చూస్తున్నాడు.

గంగాధర యోగీశ్ భుజం మీద చెయ్యి వేశాడు. “మొదట్లో అట్లే ఉంటాదప్పా. పోను పోను అమ్మ తోడున్నట్టే ఉంటాది. నాకు ఆ రాత ల్యా.”

యోగీశ్ ఏడుపు మింగుకుంటూ కారెక్కి కూర్చున్నాడు. నరసింహప్ప ఎక్కలేదు. చెప్పులు విదిలించుకుని బస్టాండు వైపు కదిలాడు.

“కొడుకు కారుండగా నీకు బస్సేంది పెద్దాయనా?”

ముసలాయన ఆగాడు.

“నాకు కొడుకుల్లేరప్పా,” అన్నాడు.

“దాసమ్మను గుద్దింది ఈ బండే.”