ఎవరి నొప్పి

ఎక్కడ నొప్పి అని అడిగితే చిన్నపిల్లలు ఏ నొప్పికైనా పొట్టే చూపిస్తారు. అందుకే ఈ పట్టీలు వచ్చాయి. బిడ్డ చేతికొకటి, డాక్టరు చేతికొకటి కడితే చాలు, బిడ్డ నొప్పి డాక్టరు ఒంట్లో తెలుస్తుంది. ఈ పిల్లల ఆసుపత్రిలో నోటితో అడగడం మానేసి ఆరేళ్ళయింది. ఈ పొద్దుటి నుంచి డాక్టర్ హైమవతికి రెండు చెవిపోట్లు, ఒక పంటినొప్పి వచ్చి పోయాయి.

తరువాత నాలుగేళ్ళ ధాత్రి వచ్చింది. దగ్గుతోందని తల్లి తీసుకొచ్చింది. పట్టీ కట్టుకోగానే హైమవతికి గుండె మీద బండ ఉన్నట్టు తెలిసింది. వెంటనే పాపకు గుండె పరీక్షలన్నీ రాసింది. తల్లి ముఖం పాలిపోయింది.

గంట తరువాత ఫలితాలొచ్చాయి. పాప గుండె నిక్షేపంలా ఉంది. పాప బల్ల మీద కూర్చుని బిస్కెట్టు తింటోంది. బండ మాత్రం దిగలేదు.

"ఈ పట్టీ చెడిపోయినట్టుంది సిస్టర్, వేరేది కట్టండి."

నర్సు రూతమ్మ వింతగా చూసింది. "పాపని పరీక్షలకి పంపగానే మీ పట్టీ తీసి ఛార్జింగులో పెట్టాను కదా మేడమ్!"

హైమవతి తన మణికట్టు చూసుకుంది. ఏమీ లేదు. మరి ఈ నొప్పి తనదేనా? ఎప్పటిది? నిన్నటిదా? ఏ పిల్లదో ఇంకా పోలేదనుకుని ఎన్నాళ్ళుగా మోస్తోంది?

ధాత్రి బిస్కెట్టు పక్కన పెట్టి, "ఎక్కడ నొప్పి డాక్టరమ్మా?" అని అడిగింది.

హైమవతి తన పొట్ట చూపించింది.