వరుస తప్పిన మనిషి

"పెద్దమ్మా, వరుస చివర అక్కడుంది!"

పరీక్షా కేంద్రం కిటికీ ముందు, తనూ వరుసలో నిలబడ్డ నర్సు గొంతుకి వరుసంతా తల తిప్పింది.

నేరుగా కిటికీ దగ్గరికి నడిచిపోతున్న పెద్దావిడ ఆగిపోయింది. చేతిలో మడతపెట్టిన కాగితం.

"ఈ కాగితం ఇచ్చేసి పోతానమ్మా. నిమిషం పట్టదు."

"ఇక్కడ అందరిదీ ఒక్క కాగితమే!"

ఆ రోజు నర్సుకి ప్రాణం ప్రాణంలో లేదు. ఈ ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితేనే ఆసుపత్రిలో ఉద్యోగం నిలుస్తుంది. ఆఖరి గడువు ఇదే. పరీక్షకి నలభై కుర్చీలు. ఆమెది వెయిటింగులో ఒకటో నంబరు. రాలేనివాళ్ళెవరైనా పన్నెండులోపు హాల్ టికెట్టు తిరిగిచ్చేస్తే ఆమెకి కుర్చీ దొరుకుతుంది. పన్నెండు దాటిందా, జాబితా పైకి వెళ్ళిపోతుంది. కుర్చీ ఖాళీగా ఉన్నా ఇక ఇవ్వరు.

అందుకే నిలబడ్డచోటే పుస్తకం బట్టీ పడుతోంది. నియమాల్ని దాటేయడానికీ, అడ్డంకుల్ని తప్పించుకోవడానికీ ఇంగ్లీషులో ఎన్ని మాటలున్నాయో చెప్పే పాఠం అది.

"చూడు పెద్దమ్మా, నువ్వు చేసేదానికి ఇందులో పేజీ నిండా మాటలున్నాయి. బైపాస్, స్కిప్, డాడ్జ్, సైడ్‌స్టెప్. ఏది కావాలి?"

"మా వంటింట్లో ఒకటే మాటండీ, వడ్డించకముందే మింగడం!" అన్నాడు ముందున్న హోటలు వంటవాడు.

వరుసంతా గొల్లున నవ్వింది.

పెద్దావిడకి ఆ మాటల్లో ఒక్కటీ అర్థం కాలేదు. నవ్వు మాత్రం అర్థమైంది.

"తప్పే తల్లీ, తప్పే," అంటూ వెళ్ళి చిట్టచివర నిలబడింది.

నర్సు మళ్ళీ పుస్తకంలో తల దూర్చింది. ఎందుకో అక్షరాలు కుదురుగా నిలవలేదు. వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదు.

పావుతక్కువ పన్నెండుకి ఆమె వంతు వచ్చింది.

"ఎవరైనా తిరిగిచ్చారాండీ?"

"ఇప్పటిదాకా లేదమ్మా," అన్నాడు గుమాస్తా. "అలా బల్ల మీద కూర్చోండి."

కూర్చుంది. పన్నెండు కొట్టింది. ఎవరో వచ్చి జాబితా పట్టుకుని మేడ మీదికి వెళ్ళిపోయారు.

ఆ తర్వాతగానీ పెద్దావిడ కిటికీ దగ్గరికి చేరలేదు. గుమాస్తా ఆ కాగితం విప్పి చూశాడు. గడియారం చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఆవిడ చాలాసేపు బతిమాలింది. చివరికి గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి వెళ్ళిపోయింది.

"వెయిటింగ్ ఒకటి మీరేనా?" గుమాస్తా పిలిచాడు. "నోటిదాకా వచ్చింది జారిపోయిందమ్మా. ఇప్పుడే ఒక హాల్ టికెట్టు వెనక్కొచ్చింది. నాలుగు నిమిషాలు ఆలస్యం."

నర్సు పరుగున కిటికీ దగ్గరికి వచ్చింది.

"నాలుగు నిమిషాలే కదండీ! చూసీ చూడనట్టు వదిలేయండి. మీకు పుణ్యముంటుంది."

"ఇందాక అంత గట్టిగా నియమం చెప్పింది మీరే కదమ్మా?"

ఆమె చెవులు భగ్గుమన్నాయి. బల్ల మీదున్న వంటవాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

సిగ్గు దాచుకోలేక ఆమె గొంతు పెంచింది. "రాలేనప్పుడు ముందే చెప్పొద్దూ! ఎవరండీ అంత బాధ్యతలేని మనిషి?"

గుమాస్తా ఖాళీ మెట్ల వైపు చూశాడు.

"పరీక్ష రాయాల్సిన పిల్ల పోయి వారమైందట, కుర్చీ వృథాగా పోకుండా ఇంకో పిల్లకి ఇప్పించమని వచ్చిన తల్లమ్మా ఆవిడ."